పెద్దవాళ్లకు ఇలాగే ఇస్తాం

ఈ బరువును ఏళ్ల తరబడి నాలోనే మోస్తూ వచ్చాను. సువార్తమ్మ బతికున్నంత కాలం, ఎప్పుడో ఒకరోజు ఆమెకే చెప్పుకుంటాననుకునేవాణ్ణి. ఈ వేసవిలో ఆమె పోయింది. వినాల్సిన మనిషి లేదు కాబట్టి మీకు చెబుతున్నాను. మీరెవరో తెలియకపోవడం నాకు కొంత సులువు.

కర్నూలు బయట, విదేశాల నుంచి వచ్చే క్రైస్తవ మిషనరీలకు మొదటి కొన్ని నెలలు శిక్షణ ఇచ్చే ఇల్లొకటి ఉండేది. నేనక్కడ తెలుగు చెప్పేవాణ్ణి. సువార్తమ్మ వంట చేసేది. ఒక ఏడు ఫిలిప్పీన్స్ నుంచి లీనా అనే అమ్మాయి వచ్చింది. శిక్షణ అయ్యాక సువార్తమ్మ వాళ్ల దళిత కాలనీలో, ఆడవాళ్లతో కలిసి పనిచేయాలని ఆమె ఆశ. అందుకోసమే దేశం వదిలి వచ్చింది.

ఆమెకు అన్నీ ప్రశ్నలే. తుంగభద్రను చూసి, నీళ్లకంటే రాళ్లే ఎక్కువున్న దీన్ని నది అని ఎందుకంటారంది. సంగటిని నమలకుండా మింగమంటే, మరి రుచి ఎక్కడ తెలుస్తుందంది. ముక్కూ మొహం తెలియని వాళ్లు ఆటోలో "పెండ్లయిందా పాపా?" అని అడిగితే నవ్వి, తిరిగి వాళ్లనూ అదే అడిగేది. ఆమె పక్కన నడుస్తుంటే నా ఊళ్లు నాకే కొత్తగా కనిపించేవి. కడప బండ నేలలోనే కాదు, అలమరలో, చేను చుట్టూ కంచెలో కూడా ఉందని అంతకుముందు నేను గమనించనేలేదు. మమ్మల్ని ఒకరు మెచ్చుకుంటూ చూస్తున్నారన్న తృప్తి కూడా అందులో ఉందా? ఉంది.

ఊళ్లో ఒక ఇంటికి వెళ్లి రావడం శిక్షణలో భాగం. ఎర్రగుంట్ల దగ్గర మా పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్లాను. మాది పొలాలున్న కుటుంబం. సువార్తమ్మ తోడొచ్చింది. పెద్దమ్మ నన్నూ లీనానూ వసారాలో కూర్చోబెట్టి గ్లాసులతో నీళ్లిచ్చింది. సువార్తమ్మ వాకిట్లోనే ఆగిపోయింది. పెద్దమ్మ మెట్టు మీద నిలబడి, చెంబు ఎత్తి పట్టుకుని పోస్తే, ఆమె వంగి దోసిలితో తాగింది.

లీనా ఆమె వైపు చెయ్యి చూపించి, ఆమెకు గ్లాసు ఎందుకివ్వలేదని ఇంగ్లీషులో అడిగింది.

కులం అని ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను చెప్పలేదు. "పెద్దవాళ్లకు ఇలాగే ఇస్తాం. మన చేత్తో పోయడం గౌరవం," అన్నాను.

ఎందుకన్నాను? పెద్దమ్మ పరువు కోసమని చాలాకాలం అనుకున్నాను. అది నిజం కాదు. చదువుకుని ఇవన్నీ దాటి వచ్చేశానని నమ్మినవాణ్ణి, అక్కడ గ్లాసు పట్టుకుని నింపాదిగా తాగుతూ కూర్చున్నాను. ఆ కూర్చున్న మనిషి ఎవరో లీనాకు తెలియకూడదనే అంత చక్కటి అబద్ధం అంత తొందరగా నోటికొచ్చింది.

శిక్షణ చివర్లో లీనా కాలనీ ఆడవాళ్లను భోజనానికి పిలిచింది. అందరి ఎదుటా, అందరికంటే ముందు, చెంబుతో సువార్తమ్మ దగ్గరికి వెళ్లింది. దోసిలి పట్టమని సైగ చేసి, ముఖం నిండా నవ్వుతో చెంబు పైకెత్తింది. సువార్తమ్మ ఆ ముఖాన్ని కాసేపు చూసింది. చేతులు చాపి తాగింది.

"సముద్రాలు దాటొచ్చినదానికి గూడా మనమెవురో తెల్సిపాయ సూడక్కా," అంటూ ఒకామె లేచింది. మిగతావాళ్లు ఆమె వెనకే వెళ్లిపోయారు.

సాయంత్రం వంటింట్లో సువార్తమ్మ నన్ను అడిగింది.

"ఆ పాపకు ఇది ఎవురు నేర్పించినారు సార్?"

"ఏమో సువార్తమ్మా. యాడన్నా చూసింటుంది."

"చూసింది మీ ఊర్లోనే గదా. ఆ పొద్దు నా తట్టు చెయ్యి చూపిచ్చి మిమ్మల్ని ఏమో అడిగె. ఏమడిగె?"

"ఎండ శానా ఉండాదని."

"ఎండ గురించి అడిగేకి నా తట్టు చూపించల్నా? నేనేమన్నా సూర్యుడా సార్?"

నవ్వింది. ఇంకేమైనా చెబుతానేమోనని ఆగింది. "సరేలే," అని గిన్నెల ముందు కూర్చుంది.

కాలనీవాళ్లు లీనాను రావద్దన్నారు. శిక్షణ ఇంటివాళ్లు ఆమెను వేరే రాష్ట్రానికి పంపేశారు. వెళ్లేరోజు బస్టాండులో, తను చేసిన తప్పేమిటని నన్నే అడిగింది. తెలియదన్నాను. ఆమె ఇప్పుడెక్కడుందో నిజంగానే తెలియదు.

మొన్న సువార్తమ్మ సమాధి దగ్గర ఆమె కూతురు ఒక సంగతి చెప్పింది. లీనా పాప మంచిది, ఆమెకు ఎవరో తప్పు చెప్పారు అని సువార్తమ్మ అప్పట్లో ఇంటింటికీ తిరిగి చెప్పిందట. ఎవరని అడిగితే మాత్రం పేరు చెప్పలేదట. ఎవరూ నమ్మలేదట.

నా పేరు ఎందుకు చెప్పలేదు? నా మీద జాలితోనా? వంటపని పోతుందనా? నా అంతట నేనే చెప్పాలని ఎదురుచూసిందా? తెలుసుకోవాలని చాలా ఉంది. అడగడానికి ఇప్పుడు ఆమె లేదు. కూతురి ఎదుట తల ఊపి వచ్చేశాను.

లీనాకు తప్పు చెప్పింది నేను. ఈ వాక్యాన్ని ఇంతకుముందెప్పుడూ రాయలేదు. రాసి, మళ్లీ చదువుకున్నాను. కొట్టేయలేదు.