సోమయ్య నిలబడ్డ చోటే గీత

సర్వేయర్లు వస్తారు, పోతారు. చైన్‌మన్ మాత్రం ఉంటాడు. మండలాఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళుగా సోమయ్య చేస్తున్న పని ఒక్కటే: సర్వేయరు చూపించిన చోటికి నడిచి వెళ్ళి కదలకుండా నిలబడటం. మొదట్లో చేతిలో ఇనుప గొలుసు ఉండేది. తర్వాత టేపు వచ్చింది. ఇప్పుడు నెత్తిన తెల్ల పుట్టగొడుగు లాంటి డబ్బా ఉన్న పొడుగు కర్ర. దాని కొస నేలకు ఆనించి నిలబడితే చాలు, పైన తిరిగే ఉపగ్రహాలు సోమయ్య ఎక్కడున్నాడో బెత్తెడు తేడా లేకుండా చెప్పేస్తాయి. ఇంట్లో కౌసల్యమ్మకు మాత్రం మొగుడు ఏ పూట ఎక్కడున్నాడో ఇప్పటికీ తెలియదు.

వాళ్ళ ఊరు మల్లెకుంటపల్లి, పటాన్‌చెరు నుంచి హత్నూర వైపు పోయే దారిలో ఉంటుంది. పేరులో మల్లెలున్నా, ఊళ్ళోకి వచ్చేవాడి ముక్కుకు ముందుగా తగిలేది మందుల కంపెనీ వాసన. ఊరివాళ్ళకు అది వాసన కాదు, గడియారం. "ఘాటు లేసింది, ఇగ పొయ్యి ముట్టియ్యాలె" అనుకుంటారు ఆడవాళ్ళు పొద్దు గుంకే వేళకు.

కిందటేడు జిల్లా కేంద్రం నుంచి రచన మేడమ్ వచ్చింది. ప్రమాదాలు జరిగినప్పుడు ఎవరు ఏం చేయాలో చూసే అధికారిణి. వయసు ముప్పై దాటదు. సంచిలో ల్యాప్‌టాప్, మనసులో మంచి. పంచాయతీ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి గోడ మీద నాలుగు పటాలు చూపించింది. పోలీసుల పటంలో ఊరు వాగుకు అవతల ఉంది. ఫైరింజను వాళ్ళ పటంలో, ఇరవై ఏళ్ళ కిందట వాగు ఎత్తుకుపోయిన కల్వర్టు నిక్షేపంగా ఉంది. కరెంటు వాళ్ళ పటంలో స్తంభాలున్నాయి, మనుషులు లేరు. అంబులెన్సు వాళ్ళ పటంలో అసలు ఊరే లేదు.

"ఇకనుంచి అందరికీ ఒకటే పటం," అంది మేడమ్. "ఎవరి దగ్గరున్న వివరాలు వాళ్ళు అందులో పెడతారు, అందరూ దాన్నే చూస్తారు. కంపెనీ చుట్టూ కిలోమీటరు మేర ఎర్ర వలయం గీస్తాం. ఏదైనా లీకైతే వలయంలో ఉన్న ప్రతి ఇంటి ఫోనూ మోగుతుంది. బస్సు వీధిలోకే వస్తుంది. ఎంతమంది వస్తున్నారో డాక్టరుకు ముందే తెలుస్తుంది."

ఇంత సదుపాయం ఉంటే జనం వలయంలోకి దూరడానికి తోసుకుంటారని ఆమె అనుకుంది. ఆమె పుట్టి పెరిగింది వేరే జిల్లాలో. ఈ ప్రాంతంలో పటం అనగానే మనిషికి గుర్తొచ్చేది ప్రమాదం కాదు, ప్లాటు. పటాన్ని పంచాయతీ గోడకు అంటించిన మర్నాటికి ఎర్రరంగులో పడ్డ ప్లాట్లను అడిగేవాడు లేకుండా పోయాడు. కంపెనీ ఘాటు ముప్పై ఏళ్ళలో చేయలేని పనిని ఒక్క రంగు చేసి చూపించింది.

అభ్యంతరాలకు పదిహేను రోజుల గడువిచ్చారు. ప్రతి అభ్యంతరాన్నీ సర్వేయరు ప్రవీణ్ అక్కడికే వెళ్ళి చూసి, అవసరమైతే హద్దు బిందువులు మళ్ళీ తీసి పంపాలి. ప్రవీణ్ నీడ చూసుకుని ట్యాబ్‌తో కూర్చునే రకం. ఎండలో కర్ర పట్టుకు నిలబడేది సోమయ్య. అంటే, సోమయ్య ఎక్కడ నిలబడితే గీత అక్కడ పడుతుంది. ఈ సంగతి ప్రవీణ్ కంటే ముందు ఊరికి అర్థమైంది.

మొదట వచ్చినవాడు జైపాల్. కంపెనీకి దక్షిణాన పదెకరాల ప్లాట్ల వెంచరు వేసి, హద్దులకు రాతి కడీలు పాతి, గేటుకు మహలు స్తంభాలు కట్టించినవాడు. ఉస్మానియా బిస్కెట్ల డబ్బా పట్టుకొచ్చాడు.

"సోమన్నా, ఎండల గట్ల నిలవడకపోతేంది? కర్రను జెర మా గేటు యివతలికి జరుపరాదు! నీడ గూడ ఉంటది."

"గీత గుండ్రంగ ఉండాల్నని మేడమ్ చెప్పింది పటేలా."

"గుండ్రం యాడికి పోతదే? ఒక్క తాన జెర సొట్ట వడ్తది. సొట్ట వడ్డ గిన్నెల నువ్వు బువ్వ తింటలేవా?"

సోమయ్య నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నూటయాభై అంగలు జరిగాడు.

తర్వాత బద్రీనాథ్ సేటు వచ్చాడు. నాలుగు తరాలుగా కందులు, మక్కలు కొని అమ్మే ఇల్లు వాళ్ళది. "మా గోదాము ఎర్రల వడ్డదంటే గా కందులు ఎవడు తింటడు సోమయ్యా? ఇషం గాలి వట్టినయంటరు. గోదామునైతే జరుపనీకి రాదు. నువ్వైతే జరుగుతవు గదా!"

ఆ తర్కం సోమయ్యకు సబబుగానే తోచింది. జరిగాడు.

గడువు ముగిసే నాటికి వలయం ఎలుకలు కొరికిన జొన్నరొట్టెలా తయారైంది. అందులో మిగిలినవి కంపెనీ, సర్కారు బడి, వల్లకాడు, ఒడిశా కూలీలు కిరాయికుండే రేకుల గదులు. బడి తరఫున అడిగేవాళ్ళు రాలేదు. వల్లకాటిలో ఉన్నవాళ్ళకు అభ్యంతరం లేదు. ఒడిశా వాళ్ళకు ఈ ఊళ్ళో ప్లాటూ లేదు, ఓటూ లేదు.

ఇవి కాక కంపెనీకి తూర్పున పదకొండిళ్ళ గల్లీ ఒకటి ఎర్రలో మిగిలింది. అందులో ఒక ఇల్లు సోమయ్యది. కౌసల్యమ్మ రెండు రోజులు గిన్నెలతో మాట్లాడింది. మూడోనాడు మొగుడితో మాట్లాడింది.

"ఊరందర్ని గీత దాటిచ్చినవు. కర్ర వట్టినోని ఇల్లు మాత్రం ఎర్రల్నె. నలుగుర్ల మొఖమెట్ల జూపియ్యాలె?"

"నీకు దమ్ము రోగమున్నది గదనే. ఫోను మోగితె మనకే మంచిది."

"నా దమ్ముకు బిళ్ళలున్నయి. నీ తెలివితక్కువకు ఏమున్నయి?"

ఆఖరిరోజు సాయంత్రం నాలుగింటికి సోమయ్య ఇంటి వెనక నిలబడాల్సినవాడు ఇంటి ముందర, కంపెనీ వైపు నిలబడ్డాడు. దాంతో గల్లీ మొత్తం ఎర్ర దాటి తెలుపులోకి పోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ కోసం జరిగిన మనిషి మొదటిసారి తన కోసం జరిగాడు. మనసు తేలికైంది. ఆ రాత్రి కౌసల్యమ్మ కోడిగుడ్డు కూర వండింది.

పటం చూసి రచన మేడమ్ కళ్ళు చిట్లించింది. "ఇదేంటి ప్రవీణ్ గారూ, గాలి కూడా ఇన్ని మలుపులు తిరుగుతుందా?"

"గ్రౌండ్ రియాలిటీ మేడమ్," అన్నాడు ప్రవీణ్.

పైనుంచి ఆమెకూ గడువుంది. 'క్షేత్రస్థాయిలో పరిశీలించబడినది' అన్న ముద్ర పడింది.

మృగశిర కార్తె వచ్చిన వారానికి, ఓ సోమవారం పొద్దున పదిన్నరకు, కంపెనీలో వాల్వు ఊడింది. ఆ సమయానికి రచన మేడమ్ మండలాఫీసులోనే ఉంది. గోడకున్న పెద్ద తెర మీద ఎర్రరంగు మిణుకుమిణుకుమంది. వలయంలోని ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. మూడు బస్సులు కదిలాయి. ఒడిశా కూలీలను, బడి పిల్లలను ఎక్కించి, లెక్కపెట్టి, మంచినీళ్ళ సీసాలు చేతికిచ్చారు. మేడమ్ ముఖం వెలిగిపోయింది. అంతా పటం ప్రకారమే జరిగింది. గాలి ఒక్కటే పటం చూసుకోలేదు.

అది పడమటి నుంచి తూర్పుకు కొడుతోందని తెర మీద బాణం గుర్తు చెబుతోంది.

"తూర్పున ఏముంది?" అంది మేడమ్.

"ఏం లేదు మేడమ్. తెలుపే. సేఫ్ జోన్," అన్నాడు ప్రవీణ్.

తలుపు దగ్గర నిలబడ్డ సోమయ్య కౌసల్యమ్మకు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. తెర మీద తెల్లటి చోటు చూశాడు. ఎంత శుభ్రంగా ఉందో! ఆ శుభ్రంలో పదకొండిళ్ళున్నాయి. నోరు విప్పితే ఉద్యోగానికి ముప్పు, ఇంకా ఎనిమిది నెలల సర్వీసుంది. ప్రవీణ్ అతని వైపు చూసి వద్దన్నట్టు కళ్ళతోనే సైగ చేశాడు.

"మేడమ్, ఆడ గీత అబద్ధం," అన్నాడు సోమయ్య. "ఇంటెనక నిలవడాల్సింది, ఇంటి ముంగట నిలవడ్డ. మా గల్లి మొత్తం లోపట్నే ఉన్నది. నా పెండ్లాం దమ్ము మనిషి మేడమ్. ఫోనెత్తుతలేదు."

మేడమ్ తెర దగ్గరికి నడిచి ఆ తెల్లటి చోటు మీద వేలు పెట్టింది.

"మిగతా గీత?" అంది మేడమ్, గొంతు తగ్గించి.

"అది గూడ నేనే నిలవడ్డ మేడమ్."

ఆమె తిట్టలేదు. తిట్టడానికి సమయం లేదు. ఖాళీగా మిగిలిన మూడో బస్సు డ్రైవరుకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. డ్రైవరు నిబంధనలు తెలిసినవాడు. "గా గల్లి మ్యాపుల ఎర్రగ లేదు మేడమ్. ఎర్ర లేని కాడికి బండి తియ్యొద్దని ఆర్డరున్నది. బాట గూడ సూపిస్తలేదు."

సోమయ్య ముందూ వెనకా చూడకుండా మేడమ్ చేతిలోని ఫోను లాక్కున్నాడు. "మ్యాపు బంద్ జెయ్యన్నా. నా మాటినుకుంట రా. స్తంభాల గేటు కనవడ్తున్నదా? ఆడ కుడికి తిరుగు. నూరంగల మీద వంగిన కడీ ఉంటది, దాని పక్కకే బండ్ల బాట. ఆఁ, అదే. ముందట కల్వర్టు ఉండదు, భయపడకు, వాగు ఎండే ఉన్నది, దించు. ఎక్కినంక గోదాము గోడ వెంబడే జల్దీ రా..."

కళ్ళు మూసుకుని చెబుతున్నాడు. ఆ బాటలో ఒక్కొక్క హద్దు రాయి దగ్గరా ఎప్పుడో ఒకప్పుడు నిలబడినవాడే కదా! తొమ్మిది నిమిషాలకు డ్రైవరు, "వచ్చిన," అన్నాడు.

గల్లీలో జనం మిద్దెలెక్కి కళ్ళు నలుపుకుంటూ, దగ్గుతూ, "గా ఒడిశోళ్ళకు బస్సులేందిరా?" అని వీడియోలు తీస్తున్నారట. కౌసల్యమ్మ స్నానాల గది మూలన, తడిపిన కొంగు ముఖానికి చుట్టుకుని కూర్చుని ఉంది. ఫోను వినపడింది. ఎత్తి మాట్లాడే ఊపిరే లేదు. బస్సు గల్లీ వాళ్ళందరినీ సర్కారు దవాఖానకు చేర్చింది. అక్కడ ఆమెకు నాలుగు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఐదోనాడు జావ తాగి, ఉప్పెక్కువైందని అంది. సోమయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

విచారణ జరిగింది. ప్రవీణ్‌ను బదిలీ చేశారు, కాస్త పెద్ద మండలానికే. నిలబడకూడని చోట నిలబడినందుకు సోమయ్యకు మెమో వచ్చింది, రెండు ఇంక్రిమెంట్లు పోయాయి. ఊళ్ళో హద్దు రాళ్ళు తెలిసినవాడు ఇంకొకడు లేనందున, కొత్త కొలతలకు కర్ర పట్టేది కూడా సోమయ్యేనని అదే కాగితం రెండో పేరాలో ఉంది.

ఈసారి ట్యాబ్ పట్టుకుని మేడమే వెంట నడిచింది. జైపాల్ మళ్ళీ డబ్బాతో ఎదురొచ్చాడు. "గాలి తూర్పుకు గదన్నా పోయింది? మాది దక్షిణం. దక్షిణానికి పోయిననాడు జూసుకుందాం తియ్!"

"జెర పక్కకు నిలవడు పటేలా," అన్నాడు సోమయ్య. "నేను నీ ప్లాట్లన్నీ దాటి పోవాలె."

ఆఖరికి తన గల్లీకి వచ్చాడు. దవాఖాన నుంచి తిరిగొచ్చిన పదిళ్ళవాళ్ళూ అతని చుట్టూ మూగారు. పక్కింటి ఎంకమ్మ, ఇంకా దగ్గుతూనే, గొంతు తగ్గించి అంది: "అన్నా, మాకు ఫోను మోగాలె. బస్సు గూడ రావాలె. గని ఎర్రగ మాత్రం ఉండొద్దు. గాలి ఎప్పుడో ఒకపారి వస్తది. ప్లాటు అడిగేటోడు దినాం వస్తడు. జెర గిటు జరుగు."

మేడమ్ ఏదో చెప్పబోయింది. అంతలో ఇంట్లోంచి కౌసల్యమ్మ ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చింది. దారిలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. ఇంటి వెనక మొగుడు నిలబడ్డ చోట, అతని మోకాళ్ళకు ఆనేటట్టు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నువ్వు నిలవడు. ఎవడు జరుపుతడో నేను జూస్త."

"అయితే నా ఇల్లు గూడ లోపట్నేనా వదినా?" అంది ఎంకమ్మ.

"లోపట్నే. నిలవడి దగ్గుతవేందే, నువ్వు గూడ కుర్చేసుకో."

ఎంకమ్మ కుర్చీ తెచ్చుకోలేదు. అలాగని ఇంటికీ పోలేదు.