కౌంటరమ్మ గోడపువ్వు

మా చిన్న తోటికోడలికి రెండు ఉద్యోగాలు. జీతం ఉన్నది పళ్ళ డాక్టరు గారి క్లినిక్‌లో. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, పిలుపు రాగానే లోపలికి పంపడం, చెంప పట్టుకుని బయటికొచ్చినవాళ్ళకి మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పడం. జీతం లేనిది క్రోషా అల్లిక. రెండూ ఒకే కుర్చీలో కూర్చుని చేస్తుంది. పేరు రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం చేతులు బల్ల మీదికి వస్తాయి, మిగతా సమయమంతా బల్ల కింద సూదితో ఉంటాయి. క్లినిక్‌కి వచ్చేవాళ్ళు ఆమెని కౌంటరమ్మ అంటారు. ఇంట్లో మేమూ అదే అంటాం, ఆమె వినకుండా.

ఆమె ఇంట్లో బట్ట కట్టని వస్తువు లేదు. టీవీకి ముసుగు, టెలిఫోనుకి శాలువా, టిష్యూ డబ్బాకి గౌను, వంటింటి గరిటెల పిడులకి టోపీలు. మా మరిది ఒకేచోట ఎక్కువసేపు కూర్చోడు. కూర్చుంటే తనకీ ఏదో ఒకటి తొడుగుతుందని భయమేమో. మేము కింది వాటాలో ఉంటాం కాబట్టి ఆ ప్రసాదం మాకూ అందుతుంది. నా ఫ్రిజ్ పిడికి పసుపూ నలుపూ చారల తొడుగు అల్లి ఇచ్చింది. పాల గిన్నె కోసం తలుపు తీసినప్పుడల్లా ఏదో జంతువు తోక పట్టుకున్నట్టు ఉంటుంది.

ఆమెకి ఒక్కతే కూతురు. ఆ పిల్లకి తల్లి అల్లికంటే చిన్నప్పటి నుంచీ పడదు. అమ్మ అల్లిన స్వెట్టర్ వేసుకుని స్కూలుకి బయల్దేరేది, మెట్లు దిగి మా ఇంట్లోకి దూరి దాన్ని విప్పి నా బీరువాలో పడేసేది, సాయంత్రం మళ్ళీ తొడుక్కుని పైకి వెళ్ళేది. పెళ్ళయ్యాక ఆ బాధ తీరింది. తల్లి పంపినవన్నీ మూటగట్టి మంచం కింద పెట్టేసింది. కౌంటరమ్మ వెళ్ళినప్పుడల్లా ఆ ఇంటి నాలుగు గోడలూ, బల్లలూ, సోఫాలూ కళ్ళతోనే వెతుక్కునేది. తను చేసింది ఒక్కటైనా కూతురి ఇంట్లో, వచ్చినవాళ్ళకి కనిపించేచోట ఉండాలి. ఆమెకి ఈ లోకంలో ఇంకో కోరిక ఉన్నట్టు నాకు తెలియదు.

ఈలోగా కూతురూ అల్లుడూ కొత్త ఫ్లాట్ కొన్నారు. దాన్ని అలంకరించడానికి ఒక నిపుణుణ్ణి పెట్టుకున్నారు. వెనక పిలక, మెడలో కొలత టేపు. నేను అతనికి గోడల డాక్టరని పేరు పెట్టాను. మేము ఫ్లాట్ చూడ్డానికి వెళ్ళిన రోజు అతను హాల్లో పెద్ద గోడకి ఎదురుగా నిలబడి కళ్ళు మూసుకున్నాడు.

"ఈ గోడ ఏదో అడుగుతోందండీ," అన్నాడు.

"ఏమడుగుతోంది బాబూ?" అన్నాను నేను. అంత పెద్ద గోడ అడుగుతుంటే పట్టించుకోకపోవడం మర్యాద కాదు కదా.

అతను ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించాడు. పెద్ద పళ్ళెమంత పువ్వు. లావుపాటి ఊలుతో అల్లింది. రేకుల కింద రేకులు, వాటి కింద ఇంకా పెద్ద రేకులు. "ఇసుక రంగులో ఇలాంటిది ఒక్కటి తగిలిస్తే చాలు, గోడ ఊపిరి పీల్చుకుంటుంది," అన్నాడు.

కూతురు "అబ్బ!" అంది. ఆ అబ్బే కొంప ముంచింది.

"దీన్ని కొనడమెందుకే? నేను అల్లి ఇవ్వనూ?" అంది కౌంటరమ్మ.

"నీకెందుకమ్మా శ్రమ," అంది కూతురు.

మా ఇళ్ళలో ఈ మాటకి వద్దని అర్థం. ఇంకో అర్థం లేదు. పసిపిల్లలకి కూడా తెలుసు. కౌంటరమ్మ మాత్రం తన బిడ్డకి తన మీద ఎంత జాలి అనుకుని బస్సులో దారి పొడుగునా నాకు చెప్పి చెప్పి మురిసిపోయింది. కొత్త ఫ్లాట్‌లో బంధువులందరినీ భోజనానికి పిలిచే రోజుకల్లా పువ్వు గోడ మీద ఉండాలని అక్కడికక్కడే తీర్మానించేసింది.

ఊలు కొనడానికి నన్నూ లాక్కెళ్ళింది. కొట్టులో ఇసుక రంగు లేదు. టీ రంగు ఉంది. కాసేపు తటపటాయించి, "తడిస్తే ఇసుక ఇదే రంగులో ఉంటుంది కదక్కా," అని ఉండలన్నీ సంచిలో వేయించుకుంది. ఆ తర్కానికి కొట్టువాడే నోరెళ్ళబెట్టాడు.

ఇక పని మొదలైంది. ఇలాంటి పువ్వు మధ్యలోంచి బయటికి పెరుగుతుంది. ముందు నడుమ ఒక చిన్న రింగు, దాని చుట్టూ చిన్న రేకులు. ఆ వరుస అయ్యాక పువ్వుని వెనక్కి తిప్పి, రేకుల వెనక దారంతో గొలుసు వంతెనలు కట్టాలి. ఆ వంతెనల మీద కింది వరుస రేకులు లేస్తాయి. ప్రతి వరుసా పైదానికంటే వెడల్పుగా రావాలి, లేకపోతే పెద్దవాళ్ళ వెనక దాక్కున్న పిల్లల్లా కింది రేకులు కనపడకుండా పోతాయి. ఇదంతా నాకెలా తెలుసంటే, కౌంటరమ్మ నాకు రోజూ చెప్పింది. నాకే కాదు, క్లినిక్‌కి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. మత్తు సూది వేయించుకుని, నోరు మొద్దుబారి, పిలుపు కోసం కూర్చున్నవాళ్ళకంటే మంచి శ్రోతలు ఎక్కడ దొరుకుతారు? ఒక్కరూ అడ్డు చెప్పలేరు. తల ఊపుతారు. ఊళ్ళో సగం మంది తన పువ్వుని మెచ్చుకున్నారని ఆమె నమ్మకం.

ఒక ఆదివారం ఆ పువ్వుని తెచ్చి మా భోజనాల బల్ల మీద పరిచింది. చూసి నేను తాగుతున్న టీ పక్కన పెట్టేశాను. ఒక పక్క రేకులు అరచేతుల్లా విచ్చుకున్నాయి. రెండో పక్క రేకులు బిగిసి ముడుచుకున్నాయి.

"ఇదేంటే, పంటి నొప్పి వచ్చినట్టు ఓ పక్క వాచింది?" అన్నాను.

"ఏం వాచలేదు. నీ కళ్ళే అట్లా చూస్తాయి ఎప్పుడూ," అంది. అంటూనే వంగి చూసింది. ఇటు చూసింది, అటు చూసింది. ముఖం నల్లబడింది.

సంగతి తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. ప్రతి వరుసనీ ఇంట్లో మొదలుపెట్టి, తర్వాతి రోజు క్లినిక్‌లో పూర్తి చేసేది. ఇంట్లో సీరియల్ చూస్తూ అల్లిన సగం వదులుగా, హాయిగా ఉంది. క్లినిక్‌లో లోపలి గదిలో మిషన్ గుయ్యిమనగానే ఈమె పళ్ళు బిగుస్తాయి, పళ్ళతో పాటు వేళ్ళూ బిగుస్తాయి. దారం గొంతు పిసికినట్టు లాగేస్తుంది. అన్నేళ్ళ నుంచి ఆ కుర్చీలో కూర్చుంటున్న మనిషికి ఆ చప్పుడు ఇంకా అలవాటు కాలేదు. పుచ్చిపోయింది ఎవరి పన్నో, ముడుచుకుపోయింది ఈమె పువ్వు.

అయినా వదల్లేదు. మర్నాడు క్లినిక్‌లో దూది తీసుకుని రెండు చెవుల్లోనూ కుక్కుకుంది. మిషన్ చప్పుడు ఆగిపోయింది. దానితోపాటు జనం చెప్పే పేర్లూ ఆగిపోయాయి. పెదాల కదలికని బట్టి తోచింది రాసుకుంది. పాచి తీయించుకుందామని వచ్చిన ముసలాయన్ని పన్ను పీకించుకునేవాళ్ళ వరుసలో పంపించింది. డాక్టరు గారు పట్టకారు పట్టుకుని, "ఏ పన్నండీ?" అని అడిగితే ఆయన "ఏమో బాబూ, అన్నీ బాగానే ఉన్నాయి," అన్నాడట.

డాక్టరు గారు బయటికొచ్చి, ఆమె చెవిలోంచి దూది తనే లాగి, "దీన్ని నోట్లో పెడతారమ్మా," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. పువ్వు ఇక క్లినిక్ గడప తొక్కలేదు.

విప్పి మళ్ళీ అల్లే టైము లేదు. భోజనాల రోజు ముంచుకొచ్చేసింది. అన్నిటికంటే కింది వరుసని మొత్తం ఇంట్లోనే అల్లింది. ముడుచుకున్న రేకుల్ని గుండుసూదులతో చెక్క మీద సాగదీసి గుచ్చి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనించింది. "నువ్వు అటు లాగు అక్కా," అంది. లాగాను. నా చెయ్యి కాలింది. చివరికి పువ్వు ఒక ఆకారానికి వచ్చింది. దూరం నుంచి, లైటు ఆర్పి చూస్తే బాగానే ఉంది.

ముందు రోజు మా మరిది దాన్ని వీపుకి కట్టుకుని స్కూటర్ మీద తీసుకెళ్ళి ఇచ్చొచ్చాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పిల్లలు తాబేలు తాబేలని అరిచారట. సాయంత్రం కూతురు ఫోన్ చేసి, "చాలా బాగుందమ్మా," అంది. ఫోన్లో బాగుందనడానికి ఎవరి సొమ్మేం పోతుంది? కౌంటరమ్మ ఆ మాటని నాకూ, మా ఆయనకీ, ఎదురింటావిడకీ చెప్పింది. ఎదురింటావిడకి రెండోసారి కూడా చెప్పబోతుంటే నేనే లోపలికి లాక్కొచ్చాను.

మర్నాడు అందరం వెళ్ళాం. కౌంటరమ్మ నా ముందు నడిచింది. గుమ్మంలో ఒక చెప్పు విడిచింది, రెండోది విడవకుండా అలాగే నిలబడిపోయింది. ఆమె భుజం మీదుగా నేనూ చూశాను. పెద్ద గోడ మీద పువ్వు ఉంది. ఇసుక రంగు. గుండ్రంగా, నిండుగా, ఏ రేకుకి ఆ రేకు కొలిచి కోసినట్టు ఉంది. గోడల డాక్టరు ఫోన్లో చూపించిందే, కొట్లోంచి వచ్చేసింది.

కూతురు తల్లి వైపు చూడకుండా, "రండి పెద్దమ్మా, రండి," అని ముందు నన్ను పలకరించింది. అప్పుడే నాకు అర్థమైంది. ఈ రోజు ఇక్కడ రామాయణం ఖాయమనుకున్నాను. దాచడం దేనికి, అన్నీ బాగా కనిపించే కుర్చీ చూసుకుని మరీ కూర్చున్నాను.

వియ్యపురాలు, అంటే ఆ పిల్ల అత్తగారు, రెండు చేతులూ చాపుకుంటూ వచ్చేసింది. "ఈ పువ్వు కోసమేగా వదినగారూ, మీరు ఇన్నాళ్ళూ కష్టపడ్డారు! మా అబ్బాయి చెప్పాడు. ఎంత బాగా చేశారండీ! అచ్చం కొన్నట్టే ఉంది!"

చేతిపనికి మావాళ్ళ దగ్గర ఇంతకంటే పెద్ద మెప్పు లేదు. జనం గోడ చుట్టూ మూగారు. ఒకరు రేకు పట్టుకుని చూశారు, ఇంకొకరు ఫోటో తీశారు. ఎవరి నోట విన్నా కొన్నట్టే ఉంది, కొన్నట్టే ఉంది. మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ కూతురి ముఖంలో నెత్తురు చుక్క లేదు. అల్లుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, బయట ఏమీ లేకపోయినా.

కౌంటరమ్మ గోడ వైపు చూసింది. కూతురి వైపు చూసింది. రెండో చెప్పు విడిచి లోపలికి వచ్చింది.

"ఆ... ఏదో, ఖాళీగా ఉన్నప్పుడు అల్లానండీ," అంది.

ఇక ఆగలేదు. నడిమి రింగు దగ్గర మొదలుపెట్టి, గొలుసు వంతెనలు, రేకుల వెడల్పు, సూది లావు, అన్నీ చెప్పింది. ఇసుక రంగు ఊలు కోసం ఎన్ని కొట్లు తిరిగిందో కూడా చెప్పింది. తను ముట్టుకోని పువ్వు గురించి అంత వివరంగా చెబుతుంటే నాకే అనుమానమొచ్చింది, ఇదేనేమో ఆమె చేసిందని. వియ్యపురాలు ఆమె చెయ్యి పట్టుకుని, "మాకూ ఒకటి చేసిపెట్టాలి. ఇలాంటిదే," అంది. "దానికేం భాగ్యమండీ," అంది ఈమె.

ఆ పూట కూతురు తల్లి కంచం పక్కనుంచి కదల్లేదు. అడగకుండానే వడ్డించింది, వద్దన్నా వడ్డించింది. అది పెట్టిందల్లా తల్లి తింది.

భోజనాలయ్యాక చేతులు కడుక్కోవడానికి వెనక వసారాలోకి వెళ్ళాను. వాషింగ్ మెషిన్ మీద కప్పి ఉంది, టీ రంగు పువ్వు. దాని మీద సబ్బు పొడి డబ్బా, బట్టల క్లిప్పుల బుట్ట. నా వెనకే కౌంటరమ్మ వచ్చింది. దాన్ని మామూలుగా చూసింది. డబ్బాని పక్కకి జరిపి, దాని కింద నలిగిన ఒక రేకుని వేళ్ళతో సాఫు చేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

మగవాళ్ళు స్కూటర్ల మీద వచ్చారు, మేమిద్దరం బస్సెక్కాం. సీట్లో కూర్చోగానే నేను అడిగేశాను.

"నీకు పౌరుషం లేదటే? నలుగురిలో దాన్ని కడిగెయ్యాల్సింది పోయి, కొట్లో పువ్వుని నీ నెత్తిన వేసుకుంటావా?"

"కడిగేస్తే ఏం చెబుతుందక్కా అది? వాళ్ళత్తగారి ముందు, మా అమ్మది వాషింగ్ మెషిన్ మీద పరిచానని చెబుతుందా? చచ్చిపోదూ సిగ్గుతో!"

"చావనీ! రేపే వెళ్ళి దాన్ని తెచ్చెయ్యి. మా హాల్లో తగిలిస్తాను, చూద్దాం ఎవరేమంటారో."

ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆ పువ్వు తగిలిస్తే మా హాలు ఎలా ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ భయమే. కానీ అన్నాను, అన్నమాట మీద నిలబడేదాన్నే.

కౌంటరమ్మ నవ్వింది. "వద్దులే అక్కా, అక్కడే ఉండనీ. గోడకి తగిలించిందాన్ని ఎవరు ముట్టుకుంటారు చెప్పు? ఒకసారి చూస్తారు, మర్చిపోతారు. ఆ మెషిన్ పైనుంచి తెరిచేది. బట్టలు వెయ్యాలంటే మా అమ్మాయి నా పువ్వుని చేత్తో ఎత్తి పక్కన పెట్టాలి. అయ్యాక మళ్ళీ చేత్తో పరచాలి. వాళ్ళింట్లో రోజూ ఉతుకుతారు."

బస్సు దిగి, వెనక్కి వెళ్ళి, ఆ పిల్ల చెంపలు వాయించాలనిపించింది నాకు. కౌంటరమ్మ మాత్రం ఆ పువ్వుని ఎత్తడానికి ఒక చెయ్యి సరిపోతుందా, రెండు చేతులూ కావాలా అని నన్ను అడుగుతోంది.