ఆఫీసరు గారికి నేను చేయించిన స్వాగతం

నా ఆహ్వానం మీద, నా ఏర్పాట్లతో, నా కళ్ళ ముందే ఒక జిల్లా అధికారి తెల్ల ప్యాంటు ఎలా సర్వనాశనమైందో ఇప్పుడు చెప్పబోతున్నాను. జాలిపడే అలవాటున్నవాళ్ళు ఆ ప్యాంటు మీద జాలిపడండి. నా మీద వద్దు. తప్పు అణా పైసలతో సహా నాదే.

డెబ్బైల నాటి మాట. పెదబయలు చుట్టుపక్కల గూడేలకి నేను గ్రామసేవికని. రోజుకో గూడెం నడిచివెళ్ళి, ఆడవాళ్ళని కూర్చోబెట్టి, పిల్లలకి రాగులతో చోడిజావ ఎలా కాచిపొయ్యాలో చెప్పాలి. చోడిజావ గురించి వాళ్ళకి నేను చెప్పడమంటే చేపకి ఈత నేర్పడమే. అయినా సర్కారు జీతం ఇచ్చేది ఆ ఈత నేర్పడానికే.

ఆరేళ్ళయింది. నాతోపాటు చేరిన ముగ్గురూ ముఖ్యసేవికలై మైదానంలో ఫ్యాన్ల కింద కూర్చున్నారు. నేను మాత్రం ఎక్కిన కొండ దిగడం, దిగిన కొండ ఎక్కడం. బి.ఏ. చదివినదాన్ని, వాదనకి దిగితే ప్లీడరుకైనా చెమటలు పట్టించేదాన్ని, ఆరేళ్ళలో నాకు పెరిగినవి పిక్కలు మాత్రమే!

ప్రమోషను కోసం మూడు దరఖాస్తులు పెట్టాను. మూడూ మా బ్లాకాఫీసు హెడ్ క్లర్కు అప్పలస్వామి గారి డ్రాయర్లో, ఆయన ముక్కుపొడుం డబ్బా కింద పడుకున్నాయి.

"అప్పలస్వామి గారూ, నా కాగితం పైకి వెళ్ళిందా?"

"ఎల్తాది తల్లీ. అన్నిటికీ ఓ టయిముంటాది."

"ఎప్పుడండీ ఆ టైము? నేను రిటైరయ్యాకా?"

"అలగ ఇసురుకోకమ్మా. బేగి పరిగెడితే బేగి పడతావు."

అడగందే అమ్మైనా పెట్టదన్నారు పెద్దలు. అడిగినా పెట్టని హెడ్ క్లర్కుని ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. దాంతో నా బండికి నేనే ఎద్దునవుదామని తీర్మానించుకున్నాను. జిల్లా అధికారికి నేరుగా ఉత్తరం రాశాను, మా మహిళామండలిని చూడడానికి దయచెయ్యమని. వస్తారు, నా పని కళ్ళారా చూస్తారు, దరఖాస్తు చేతికిస్తాను, ఇక డ్రాయరుతో నాకేం పని? ఆయన నిజంగానే జవాబిచ్చారు. చైత్రంలో వస్తాను, ఏ రోజో నువ్వే చెప్పు అన్నారు. చెప్పేశాను.

సంగతి విని అప్పలస్వామి గారు పొడుం పీల్చడం మధ్యలో ఆపేశారు.

"సైత్రమాసంలోనా? ఆ నెల్లో ఎవుల్నీ కొండమీదికి పిలవకమ్మా. ఇటుకల పండగ."

"తెలుసండీ. మగవాళ్ళు వేటకి పోతారు. ఆరేళ్ళబట్టి ఇక్కడే ఉన్నాను."

"ఏటకెల్లడం కాదమ్మా, ఎనక్కొచ్చినప్పుడు సూడాలి..."

"నా కాగితమేమో కదలదు, మీ నోరేమో ఆగదు!" అనేసి విసురుగా బయటికొచ్చాను. ఓర్వలేనితనం అనుకున్నాను. హెడ్ క్లర్కులకి అది జీతంతోపాటు వస్తుందని నా నమ్మకం.

ఇక్కడ మీకో నిజం చెప్పాలి. ఆరేళ్ళూ నేను కొండమీదే ఉన్నమాట వాస్తవమే కానీ, ఏటా ఉగాది వచ్చిందంటే నెల సెలవు పెట్టి సాలూరు పుట్టింటికి దిగిపోయేదాన్ని. ఇటుకల పండగ నాడు ఊళ్ళో ఏం జరుగుతుందో నాకు తెలిసింది ఎంతంటే, మా అమ్మ వండే మామిడికాయ పప్పు గురించి జిల్లా అధికారికి తెలిసినంత.

ఇక ఏర్పాట్లు. మా మహిళామండలికి పెద్ద గుర్బారి. నోట్లో నిప్పు లోపలికి పెట్టి పీల్చే అడ్డపొగ చుట్ట, కంట్లో నవ్వు తీసి పక్కన పెట్టి ఎరగదు.

"గుర్బారీ, పెద్దాఫీసరు గారొస్తున్నారు. స్వాగతం ఘనంగా ఉండాలి. మీ పద్ధతిలోనే."

"పండగ రోజుల్లోనా సేవికమ్మా? అప్పుడు మగోల్లొచ్చినప్పుడు మేం సేసేదొకటే."

"అదే కావాలి! ఆయన మీ మగవాళ్ళతో కలిసి నడిచొస్తారు. వాళ్ళకేం చేస్తారో ఆయనకీ అదే చెయ్యండి."

గుర్బారి చుట్ట నోట్లోంచి తీసింది. "కోప్పడడా?"

"చాలా సరదా మనిషి." (ఆయన్ని నేను అప్పటిదాకా చూడనేలేదు.)

"మల్లొకసారి సెప్పు. వొదిలెయ్యకూడదా?"

"ఒక్కరవ్వ కూడా తగ్గకూడదు!"

గుర్బారి వెనక కూర్చున్న ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. సిగ్గనుకున్నాను.

తర్వాత ఊరి నాయుడు బొంజుబాబు దగ్గరికి వెళ్ళాను. అధికారిని రోడ్డు మలుపు నుంచి విల్లంబులతో వేటగాళ్ళే తోడ్కొని రావాలని నా ఆలోచన.

"ఆ రోజు పదకొండు గంటలకల్లా అందరూ అడవిలోంచి వచ్చెయ్యాలి."

బొంజుబాబు మొహం మాడిపోయింది. "పదకొండుకేటి దొరుకుతాదమ్మా? సాయంకాలానిక్కూడా దొరకడం నేదు."

"దొరక్కపోతే పోయింది. వట్టి చేతులతోనే రండి."

"వట్టి సేతుల్తోనా! ఊల్లోకా! అమ్మా, మమ్మల్ని సంపేత్తారు."

"ఎవరు?"

ఆయన తలొంచుకున్నాడు. ఊరిని ఏలే మనిషి, ఆడవాళ్ళకి భయమని నోటితో ఎలా చెప్తాడు! నేను మాత్రం, పాపం అలసటతో ఏదో అంటున్నాడనుకుని, అరగంట వాదించి ఒప్పించాను. వాదనలో నేనెప్పుడూ ఓడిపోలేదు. అదే నాకు పట్టిన శని.

ఆ రోజు రానే వచ్చింది. నేను ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, దరఖాస్తు సంచిలో పెట్టుకుని మలుపు దగ్గర నిలబడ్డాను. జీపు ఆగింది. అధికారి దిగారు. తెల్ల టెరిలిన్ ప్యాంటు, తెల్ల చొక్కా, కొంగ కూడా చూసి తలదించుకోవాలి. డ్రైవరు పాడేరువాడు, ఈ కొండల మనిషే. వట్టి చేతులతో వరసగా నిలబడ్డ వేటగాళ్ళని చూశాడు, జీపు వెనక్కి తిప్పి ఫర్లాంగు దూరంలో పెట్టుకున్నాడు. అనుభవజ్ఞుడు.

ఊళ్ళోకి నడిచాం. అధికారి మధ్యన, చుట్టూ ముప్పైమంది మగవాళ్ళు. విచిత్రంగా అందరూ ఆయన వెనకే నడవాలని ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. ఎంత గౌరవం అనుకున్నాను. ఎదురుగా ఆడవాళ్ళు, చేతుల్లో కుండలు.

"ఏమిటమ్మా ఆ కుండల్లో?" అధికారి అడిగారు.

"పసుపునీళ్ళై ఉంటాయి సార్. సంప్రదాయ స్వాగతం. నేనే చెప్పి చేయించాను."

నమస్కారం చేస్తూ ఆయన చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వు ఇంకా పూర్తి కాలేదు.

"ఏట్రా, వట్టి సేతుల్తోనే వొచ్చేరా! కుందేలైనా నేదా? సిగ్గునేదా!" అని గుర్బారి కేక. ఆ కేకతోపాటు ముప్పై కుండల పేడనీళ్ళు! వేట దొరక్కుండా వచ్చిన మగవాడికి ఇటుకల పండగలో జరిగే మర్యాద అది. ఓర్చినమ్మకి తేటనీరంటారు. ఓర్వని సేవికమ్మ పిలిచినవాడికి ఇదిగో, ఇది.

మొదటి కుండ చొక్కాకి, రెండోది ప్యాంటుకి, మూడోది గుర్బారి స్వహస్తాలతో నెత్తిమీద. పైగా చేతులు నడుముకి పెట్టుకుని పలకరించింది. "ఏటి బావా, ఇంత పెద్ద జీపేసుకెల్లేవు, నీకూ ఏటీ దొరకనేదా?"

అధికారి కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగారు. నా తెల్లచీర మీద ఒక్క చుక్క పడలేదు. ఆ పండగలో ఆడవాళ్ళ మీద పొయ్యరు మరి. ఆ క్షణంలో నాలుగు చుక్కలు పడుంటే ఎంత బాగుండేదో! అన్నీ తెలిసే పక్కకి తప్పుకున్న జాణలా నిగనిగలాడుతూ నిలబడ్డాను.

"నువ్వే చెప్పి చేయించావన్నావు కదూ?" అన్నారాయన మెల్లిగా.

ప్లీడరుకైనా చెమటలు పట్టించే నేను, వాగు ఎటో వేలితో చూపించాను.

ఆ గెడ్డలో స్నానం చేసి, బొంజుబాబు పంచె కట్టుకుని, ఆయన మా మహిళామండలి రిజిస్టర్లన్నీ చూశారు. ప్రతి పేజీ చూశారు. ప్రతి ఆడమనిషితోనూ మాట్లాడారు. నాతో మాత్రం, సంచిలోంచి తొంగిచూస్తున్న కాగితాన్ని చూపించి, ఒక్కటే మాట. "ఆ దరఖాస్తు ఏదో ఉంటే ఇటివ్వు." తడి చేత్తోనే తీసుకుని వెళ్ళిపోయారు. ఇక ఉద్యోగం కూడా పోయిందని పెట్టె సర్దుకున్నాను.

మూడు నెలలకి అప్పలస్వామి గారు కబురు పెట్టారు. ముందో చిటికెడు పొడుం పీల్చి, కళ్ళజోడు తుడుచుకుని, ఫైలు మీద అధికారి రాసింది తాపీగా చదివారు.

"ఈమె మాట మీద మగవాళ్ళు వేట మానుకుని వస్తున్నారు. ఈమె అడిగితే ఆడవాళ్ళు అధికారినైనా వదలడం లేదు. ఇంతటి పలుకుబడి గల ఉద్యోగినిని నేనెక్కడా చూడలేదు. ముఖ్యసేవికగా పదోన్నతికి సిఫారసు చేస్తున్నాను. అయితే నా జిల్లాలో కాదు."

ఆర్డరు గుమ్మలక్ష్మీపురానికి. పక్క జిల్లా. మళ్ళీ కొండలే, ఫ్యాను ఊసే లేదు.

"పేడనీల్లు పోయించి ప్రమోషను తెచ్చుకున్న మనిసిని నిన్నే సూసేనమ్మా," అన్నారు అప్పలస్వామి గారు. ఆ తర్వాత ఎంతో గౌరవంగా డ్రాయరు లాగి, నా పాత దరఖాస్తులు మూడూ తీసి నా చేతికిచ్చారు. పొడుం వాసనకి నాలుగుసార్లు తుమ్మాను.

ఆ తుమ్ముల సాక్షిగా ఆనాడే ప్రతిజ్ఞ చేశాను, నేటికీ తప్పలేదు. నా ఎదుగుదల కోసం ఎంత పెద్దవాళ్ళనైనా పిలుస్తాను, ఎవరితోనైనా వాదిస్తాను. కానీ పక్కన నిలబడ్డ మగవాళ్ళ చేతుల్లో కనీసం ఒక కుందేలైనా ఉందని రూఢి చేసుకునేదాకా, ఏ అధికారినీ ఊళ్ళోకి నడవనివ్వను గాక నడవనివ్వను.