ఆగండిగారు ఆగకుండా ఎక్కిన కొండ

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరంటూ ఒకటుండే ఉంటుంది. జీతం కాగితం మీద తప్ప అది ఎక్కడా కనబడదు. ఆఫీసులో, క్యాంటీనులో, కొండ మీద అందరికీ ఆయన ఆగండిగారే. కొండదారిలో పట్టుమని పదడుగులు వెయ్యరు, "ఆగండి! ఆగండి!" అని ఒక్క కేక పెడతారు. వెనకున్నవాళ్ళు పామేమోనని హడలిచచ్చేలోపు ఆయన గొంతుక్కూర్చుని, దారి పక్కనున్న ఫెర్ను ఆకు తిరగేసి, దాని వంశచరిత్ర మొదలుపెట్టేస్తారు.

ఫెర్నులంటే పువ్వూ కాయా గింజా లేని మొక్కలు. ఆకు వెనక గోధుమరంగు చుక్కల్లో ఇంత పొడి దాచుకుని, దాంతోనే కోట్ల ఏళ్ళుగా సంసారం ఈదుకొస్తున్నాయి. ఆ కొండల్లో అవి ఎన్ని రకాలున్నాయో, నాచులా కనబడే వాటి పాతకాలపు చుట్టాలు ఎన్నున్నాయో, అడుగు నుంచి శిఖరం దాకా అక్కడక్కడా తాడుతో గళ్ళు కట్టి లెక్కపెట్టాలి. ఆ సర్వేకి పెద్ద మన ఆగండిగారు. అంటే సర్వే ఎప్పటికి పూర్తవుతుందో మీరే ఊహించుకోండి.

కోసిన ఆకుల్ని కాగితాల మధ్య పరిచి, చెక్కల మధ్య బిగించి ఆరబెట్టే పని అక్కయ్యది. డ్రైవరు అలా పిలవడం మొదలెడితే ఆఫీసంతా అదే పిలుపైంది. పోయినేడు ఆవిడ ఊపిరితిత్తులకి జబ్బు చేసింది. తగ్గింది కానీ, ఎత్తు ఎక్కితే చాలు, గుండెల్లో పిల్లనగ్రోవి మోగుతుంది. "ఎక్కొచ్చమ్మా, మధ్యమధ్యలో కూర్చుంటూ ఎక్కు" అన్నాడు డాక్టరు. ఈ సంగతి ఆవిడ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే కొత్త డైరెక్టరు ఊరుకుంటాడా? ఎక్కలేనివాళ్ళని కింది అంతస్తు గోడౌన్లో లేబుళ్ళు అతికించడానికి పంపిస్తున్నాడు. ఆ గదికి కిటికీ అయినా లేదు. ఇన్నేళ్ళు కొండగాలి పీల్చినదాన్ని, అక్కడ పడేస్తే నేనే ఒక ఎండు నమూనానైపోతానని ఆవిడ బెంగ.

అందుకని పైకి అందరితోపాటు విసుక్కునేది. లోపల మాత్రం ఈయన పిచ్చి నా పాలిట వరం అనుకునేది.

"ఆగండి! అబ్బబ్బ, ఈ ఆకు పొందిక చూడండి!"

"నిన్న కూడా ఇదే చూపించారు కద సార్" అన్నాడు డ్రైవరు, తాడు చుట్ట దించుతూ.

"నిన్నటిది దీని పిన్ని."

"మొన్నటిది?"

"దాని మేనత్త. కూర్చోండి, చెప్తాను. అందరూ కూర్చోవాలి. నిలబడి చూస్తే దీని అందం తెలీదు."

"మళ్ళీ మొదలెట్టారా నాయనా!" అంటూ అక్కయ్య అందరికంటే ముందు కూలబడేది.

ఒకసారి ఆయన మర్చిపోయిన కళ్ళజోడు ఇచ్చివెళ్ళడానికి వాళ్ళావిడ ఆఫీసుకొచ్చింది. మొగుడి బిరుదు విని పడీపడీ నవ్వింది. "ఈయన ఆగడమా? అన్నంలో కూర కలిసేదాకా ఆగరు. ఒంటి మీద సబ్బు పోయేదాకా ఆగరు, చూడండి, చెవుల వెనక నురగ ఇంకా అలాగే ఉంది! వీధిలో ఈయన పక్కన నడవాలంటే నేను చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాలి!" అందరూ ఆయన చెవులు చూసి నవ్వారు. అక్కయ్య కూడా నవ్వింది. అంతకుమించి ఎవరూ ఆలోచించలేదు.

శిఖరం దగ్గర ఆఖరి గడి మిగిలిపోయిందని డైరెక్టరుకి ఒళ్ళు మండింది. కొత్త బూట్లు, మెడలో ఈల, చేతికి గుండె చప్పుడు కూడా లెక్కపెట్టే వాచీ, ఇన్ని తగిలించుకుని స్వయంగా దిగబడ్డాడు.

"నేను రోజూ ట్రెడ్‌మిల్ మీద నడుస్తాను. కొండెక్కడం ఎలాగో ఇవాళ నేర్పిస్తాను" అన్నాడు.

మొదటి మలుపు తిరిగారో లేదో, "ఆగండి! ఆగండి!"

డైరెక్టరు వంగి చూశాడు. "ఇదా? ఇది నా గది ముందు కుండీలో ఉందండీ!"

"ఉంటుంది సార్. అది ఉద్యోగం చేస్తోంది. ఇది స్వతంత్రంగా బతుకుతోంది. తేడా చూడండి."

డైరెక్టరు మొహం కందగడ్డయింది. "అసలు జాప్యం ఎవరివల్ల? మీ బృందంలో ఎక్కలేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఇవాళ తేల్చేస్తాను. ఉంటే రేపే గోడౌనుకి!"

 అప్పటికే అక్కయ్య ఊపిరి ఈల వేస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అబ్బే, జాప్యమంతా నాదే సార్. పాపం వీళ్ళు రోజూ నన్ను తిట్టుకుంటూనే ఉంటారు" అన్నారు ఆగండిగారు.

"అయితే మీరు నాతో రండి. వీళ్ళు సామానుతో వెనక వస్తారు. మనం మాత్రం ఎక్కడా ఆగేది లేదు."

"ఎక్కడా ఆగకూడదా సార్?"

"ఆగకూడదు!"

"మీ ఇష్టం" అని ఆగండిగారు పంచె ఎగ్గట్టారు. ఆ తరవాత జరిగింది చూసి అక్కయ్య నోరు తెరిచింది. ఆయన నడవలేదు, మేకలా గెంతారు. ఒక రాయి, దాని పైన ఇంకో రాయి, ఓ వేరు పట్టుకుని పైకి, అంతే, మాయం! కాసేపటికి పైనెక్కడో డైరెక్టరు ఈల ఒకటి, దీనంగా, సగంలో ఆగిపోయినట్టు వినబడింది.

"అక్కయ్యా, ఈయన కాళ్ళలో ఇంజనేమైనా ఉందా?" అన్నాడు డ్రైవరు.

 అక్కయ్య నెమ్మదిగా ఎక్కుతూ, ఆయాసం వచ్చినచోటల్లా కూర్చుంది. కూర్చున్న ప్రతిచోటా చదునైన రాయి ఉంది. ప్రతి రాయి పక్కనా ఆయన పిన్నీ, మేనత్తా అని పరిచయం చేసిన ఆ కుండీ ఫెర్నే ఉంది. అప్పుడు తెలిసింది ఆవిడకి. తనకి ఊపిరి ఆడనప్పుడల్లా ఆయన కేక పెట్టేవారు. ఒక్కసారైనా తనకేసి తిరిగి చూడలేదు మహానుభావుడు! ఇన్నాళ్ళూ ఊరందరి చేతా పిచ్చివాడనిపించుకున్నాడు! ఆవిడకి ఏడుపొచ్చింది, అంతలోనే చెవుల వెనక నురగ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

వీళ్ళు సగం కొండ చేరేసరికి డైరెక్టరు బండ మీద వెల్లకిలా పడి ఉన్నాడు. వాచీ కీచుకీచుమంటోంది. ఆగండిగారు పక్కన గొంతుక్కూర్చుని ఒక ఆకు తిరగేసి చూపిస్తున్నారు.

"ఇది మాత్రం చూసి తీరాల్సిందే సార్. తొందరపడితే అర్థం కాదు."

"అవునవును" అన్నాడు డైరెక్టరు రొప్పుతూ. "చాలా... చాలా అరుదైనది. ఇంకాసేపు చూద్దాం." అది కుండీ ఫెర్నే. అంతలో అక్కయ్యని చూశాడు. "చూశారా ఆవిణ్ణి! సామాను మోసుకొచ్చి కూడా చుక్క చెమట లేదు! పద్ధతిగా ఎక్కడమంటే అదీ!"

మర్నాడు ఆఫీసులో సర్క్యులర్ అంటించారు: కొండ సర్వేలో ప్రతి మలుపు దగ్గరా ఆగి పరిశీలించుట తప్పనిసరి. కింద డైరెక్టరు సంతకం, ఆ పద్ధతి తానే కనిపెట్టినట్టు.

ఆఖరి గడి కోసం మళ్ళీ బయల్దేరారు. ఆ పూట అక్కయ్యకి ఊపిరి తేలిగ్గానే ఆడుతోంది. మొదటి మలుపు వచ్చింది, ఆగండిగారు కేక పెట్టలేదు. రెండోదీ వచ్చింది. ఉలుకూ పలుకూ లేదు. అక్కయ్య వెనక నుంచి చూసింది. రిటైరయ్యే వయసులో మేకలా గెంతితే మోకాళ్ళు ఊరుకుంటాయా? ఒక కాలు ఈడుస్తున్నారు. అడిగితే ఒప్పుకునే మనిషి కాదు.

"ఆగండి! ఆగండి!" అని కేక పెట్టింది అక్కయ్య.

"ఏమిటమ్మా?"

"అబ్బబ్బ, ఈ ఆకు పొందిక చూడండి!"

ఆయన కుండీ ఫెర్నుని చూశారు. ఆవిణ్ణి చూశారు. "అమ్మయ్య" అనుకుంటూ మోకాలు పట్టుకుని రాయి మీద చతికిలబడ్డారు.

"ఇది నిన్నటిదాని పిన్నేనా అండీ?" అంది అక్కయ్య.

"కాదమ్మా, పెద్దమ్మ. చాలా పెద్ద కథ. చెప్పడానికి కాస్త టైము పడుతుంది."

"పడితే పడనివ్వండి" అంటూ అక్కయ్య ఆయన పక్కన కూర్చుంది.