నీళ్లలో ఉండాల్సిన నికెల్

2014 మార్చి నాటికి శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గరి ఒక మందుల కర్మాగారంలో హైడ్రోజనేషన్ బ్లాకు మేనేజరుగా చేరి నాకు మూడేళ్లు దాటింది. బ్లాకు అంటే మిగతా ఫ్యాక్టరీకి దూరంగా, పైకప్పు తేలిగ్గా ఎగిరిపోయేలా కట్టిన షెడ్డు. మేం వాడే హైడ్రోజన్ వాయువుతో పేలుడంటూ జరిగితే గోడలు నిలిచి కప్పు మాత్రం పోవాలన్నది ఇంజనీర్ల ఆలోచన. ఆ కప్పు కింద నిలబడేవాళ్ల సంగతి వాళ్లు చెప్పలేదు, మేమూ అడగలేదు.

మా బ్లాకు నడిచేది నికెల్ మీద. మీ ఇంట్లో స్టీలు గ్లాసు తళతళలో దీని వాటా ఉంటుంది. ప్రపంచంలో తీసే నికెల్‌లో ఎక్కువ భాగం స్టెయిన్‌లెస్ స్టీలులోకే పోతుంది. మిగిలినది బ్యాటరీలకు, లోహపు పూతలకు, మా బోటివాళ్లకు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, రష్యా, కెనడాల్లో బాగా దొరుకుతుంది. మన పక్కనే ఒడిశాలో క్రోమైటు అనే ఖనిజం తవ్వే గనుల పైమట్టిలో ఉంది గానీ, దాన్ని విడదీయడం గిట్టుబాటు కాక దిగుమతి మీదే బతుకుతున్నాం.

మేం వాడేది స్పాంజిలా సన్నని రంధ్రాలున్న నల్లటి నికెల్ పొడి. మందు రసాయనంలోకి హైడ్రోజన్ చేరే చర్యను అది వేగిరపరుస్తుంది. దాన్ని ఎప్పుడూ నీళ్లలోనే ఉంచాలి. తడి ఆరితే, గాలి తగిలి తనంతట తానే అంటుకుంటుంది. వాడేశాక కూడా ఆ గుణం పోదు. కొత్తగా చేరినవాళ్లకు చిటికెడు పొడి ఫిల్టరు కాగితం మీద వేసి చూపించేవాణ్ణి. కాసేపటికి కాగితం ఎర్రబడి, మంటనేది కనపడకుండానే కాలిపోయేది.

ఆ ఏడాది జనవరిలో ఇండోనేషియా ముడి ఖనిజం ఎగుమతి ఆపేసింది. నికెల్ ధర పెరగసాగింది. అంతకుముందు వాడేసిన పొడిని నెలనెలా, అందులోంచి నికెల్ తిరిగి తీసే కంపెనీకి పంపేవాళ్లం. ధర ఇంకా ఎక్కనీ అని మా యాజమాన్యం డ్రమ్ములను యార్డులోనే ఆపింది. దాంతో యార్డు కిక్కిరిసి, పొడి ఉన్న డ్రమ్ములు, కడిగిన ఖాళీ డ్రమ్ములు కలగాపులగమయ్యాయి. రెండూ నీలం ప్లాస్టిక్కువే. పొడి ఉన్నదానికి ఎర్ర ట్యాగు, కడిగినదానికి పచ్చ ట్యాగు కట్టేవాళ్లు. అంతే తేడా.

ఎండలు ముదిరే ముందు పచ్చ ట్యాగు డ్రమ్ములను కాంట్రాక్టు మనుషులకు ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ. తీరం పల్లెల్లో వేసవిలో నీళ్లకు కటకట. రసాయనాల డ్రమ్ములో నీళ్లు పట్టుకొమ్మనడం దయ అనుకున్నాం, తెలివితక్కువతనం అనుకోలేదు. నియమం ప్రకారం మేనేజరు ప్రతి డ్రమ్మూ మూత తీయించి, లోపల చూసి, గేటు పాసు మీద సంతకం పెట్టాలి. ఆ శనివారం నాకు ఇంటికి పోయే తొందర. పచ్చ ట్యాగులు చూసుకుంటూ వరసగా సంతకాలు గీకేశాను.

సోమవారం ఉదయం, బ్లాకులో ఊడ్చే పని చేసే పోలమ్మ నా గది గుమ్మంలో నిలబడింది. ఆమెది సముద్రం ఒడ్డున జాలరిపేట.

"బాబూ, మొన్నిచ్చిన డ్రమ్ములో అడుగున నల్ల బురదున్నాది. మా తమ్ముడికి తెగ నచ్చీసింది. తారులో కలిపి పడవకి పూస్తాడట. ఇంకొంచెం ఉంటే ఇప్పించండి" అంది.

ఎప్పుడు కలుపుతాడని అడిగాను. "ఈ పొద్దే తారు కాస్తన్నాడు" అంది.

తమ్ముడు దానయ్యకు ఫోను చేయిస్తే ఎత్తలేదు. పోలమ్మను, ఇద్దరు ఫైరు సిబ్బందిని జీపులో ఎక్కించుకుని, నీళ్ల క్యాన్లు, పొడి ఇసుక బకెట్లు వేసుకుని బయలుదేరాను. పొడి తడిగా ఉంటే నీళ్లు పోయాలి. అంటుకుంటే నీళ్లు పనికిరావు, ఇసుకే కప్పాలి. ఏది ముందు ఎత్తాలో చూస్తే గానీ తెలియదు. దారి పొడవునా నా కళ్ల ముందు ఆ పేటలోని తాటాకు ఇళ్లే కదిలాయి.

ఒడ్డున మూడు రాళ్ల మీద తారు కుతకుత ఉడుకుతోంది. పక్కనే గోనె మీద పరిచిన నల్ల బురద అంచుల్లో ఆరడం మొదలైంది. దానయ్య చిప్పతో దాన్ని ఎత్తబోతున్నాడు. నేను వేసిన కేక నాకే వింతగా వినిపించింది.

"ఏటి బాబూ అంత గాబరా? మట్టే గదా!" అన్నాడు.

గోనెను నీళ్లతో ముంచెత్తి, గోనెతో సహా డ్రమ్ములో వేసి, నిండా నీళ్లు పోయించాను. ఇంతేనా, ఇంకా ఉందా అని అడిగాను.

"సగం రేకు డబ్బాలో ఏసుకుని మా బావ పట్టుకెళ్లాడు. పడవ అతుకుల కాడ నీరు కారతన్నాది. ఏటకెళ్లినపుడు పూసుకుంతానన్నాడు."

బావ అంటే పోలమ్మ భర్త అప్పన్న. తెల్లవారకముందే వేటకు వెళ్లిన పడవ. అందులో నలుగురు మనుషులు, నైలాను వలలు, ఇంజనుకు కిరోసిను. వాటి మధ్య రేకు డబ్బాలో ఆ పొడి, నెత్తిన మార్చి ఎండ. అంత దూరం ఫోను అందదు. దానయ్య ఇంకో పడవ వేసుకుని వెతకడానికి వెళ్లాడు.

పోలమ్మకు చెప్పాలా వద్దా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డాను. చివరికి ఆ పొడి అంటుకుంటుందని చెప్పాను. మూత తీయకుండా సంతకం పెట్టిన సంగతి మాత్రం మింగేశాను. ఆమె ఏడవలేదు. ఇసుకలో కూర్చుని సముద్రం వైపు చూస్తూ ఉండిపోయింది. సముద్రం మీద ఎక్కడ మసక కనిపించినా నాకు పొగలాగే ఉంది. ఆ నలుగురి కోసం ఎంత భయపడ్డానో, నా ఉద్యోగం కోసం, పోలీసు కేసు కోసం కూడా అంతే భయపడ్డాను. సిగ్గుపడే మాటే గానీ, నిజం.

మధ్యాహ్నం రెండు దాటాక రెండు పడవలూ ఒకదాని వెనక ఒకటి కనిపించాయి. తలలు లెక్కపెట్టాను. నలుగురూ ఉన్నారు. అప్పన్న కుడిచేతికి తడిగుడ్డ చుట్టి ఉంది. డబ్బా పొగలు కక్కి, పక్కనున్న వల కరగడం మొదలెట్టిందట. కిరోసిను డబ్బా జానెడు దూరంలో ఉందట.

"ఆలోసించడానికి టైమేదండీ? సేత్తోనే పట్టి సముద్రంలోకి ఇసిరీసాను" అన్నాడు.

పోలమ్మ గుడ్డ విప్పి చూసింది. అరచేతి తోలు ఊడి వచ్చింది. ఆమె మళ్లీ గుడ్డ కప్పి, నా వైపు తిరిగింది.

"ఇచ్చీ ముందు మూత తీసి సూడనేదా బాబూ?"

లేదన్నాను.

ప్రమాద నివేదికలోనూ అదే రాశాను. అప్పన్న వైద్యం ఖర్చు ఫ్యాక్టరీ భరించింది. నా ప్రమోషను ఆగింది. ఆ తర్వాత ఏ ఖాళీ డ్రమ్మయినా రంపంతో రెండుగా కోయకుండా గేటు దాటలేదు. నీళ్ల డ్రమ్ములు పోయాయని కాంట్రాక్టు మనుషులు నన్నే తిట్టుకున్నారు.

నేర్చుకున్నది ఒకటే. ట్యాగు ఎవరో కట్టింది. సంతకం నాది. 'నేను చూశాను' అని చెప్పడానికే సంతకం. చూడకుండా పెడితే అది అబద్ధం, దాని ఫలితం ఇంకొకరి మీద పడుతుంది. రిటైరయ్యేదాకా ప్రతి మూతా నా ఎదుటే తీయించాను. అప్పన్న కుడిచేతి వేళ్లు మాత్రం మళ్లీ పూర్తిగా తెరుచుకోలేదు.