రాములమ్మ చేతి మీది సున్నా

దయ్యాల కథలు చెప్తే పగలబడి నవ్వేదాన్ని. నర్సుగా శవాల పక్కన కూర్చుని అన్నం తిన్నదాన్ని, నాకేం భయం? ఇప్పుడు చెప్పేది దయ్యమో కాదో తెలీదు. చెప్పాలంటే భయం కన్నా సిగ్గే ఎక్కువ.

గద్వాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఇటిక్యాల దగ్గర మిరప కోతకు వెళ్లిన రాములమ్మ కాలికి ముల్లు దిగి చీము పట్టి, మా వార్డులో చేరింది. డాక్టరు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ రాశారు.

ఆ మందు ఎక్కించే ముందు చేతి మీద చర్మం కింద కొంచెం వేసి, చుట్టూ పెన్నుతో సున్నా గీసి, కాసేపు ఆగాలి. దద్దు లేస్తే ఆ మందు పడదని అర్థం. అయినా ఎక్కిస్తే ప్రాణం పోవచ్చు. రద్దీ ఉన్నప్పుడు మేం ఈ టెస్టు ఎగ్గొట్టేవాళ్లం. ఆ రోజూ అంతే. కింద క్యాంటీన్‌లో తోటి నర్సులిద్దరితో టీ తాగి, పైకొచ్చి, నేరుగా పూర్తి డోసు నింపాను.

సూది పెట్టబోతూ చూస్తే ఆమె చేతి మీద పెన్నుతో గీసిన సున్నా ఉంది. లోపల ఎర్రగా దద్దు లేచి ఉంది.

సూది పక్కన పెట్టేశాను. టెస్టు ఎవరు చేశారని అడిగాను.

"ఏంది బిడ్డా, గిట్ల అడుగుతవ్? జరసేపటి కింద నువ్వే గద వచ్చి సన్న సూది ఏసినవ్. కదలకు పెద్దమ్మా, మళ్ల వచ్చి చూస్త అంటివి," అంది రాములమ్మ.

ఆ వార్డులో డ్యూటీ నాదొక్కదానిదే. నాతో టీ తాగినవాళ్లు కూడా నేను అక్కడి నుంచి కదల్లేదనే అంటారు.

దద్దు చూసి డాక్టరు మందు మార్చారు. నర్సంటే ఇంత జాగ్రత్తగా ఉండాలని అందరి ముందు నన్ను మెచ్చుకున్నారు. ఇంటికి వెళ్లే రోజు రాములమ్మ కూతురు నా చెయ్యి కళ్లకద్దుకుంది.

"నీ చెయ్యి సల్లగుండ అక్కా, మా అమ్మను బతికించినవ్."

అప్పుడైనా నిజం చెప్పలేకపోయాను. తల దించుకుని నిలబడ్డాను.

ఎంత ఆలోచించినా నాకిప్పటికీ అంతుపట్టదు. నా రూపంలో వచ్చినామె ఎవరైనా కానీ, ఆ పేషెంటును కాపాడిన నర్సు ఆమె. ఆ మెప్పు తీసుకున్నది మాత్రం నేను.