పదకొండు తరువాత రెండు

పోయిన ఏడాది మా అవ్వ మగ్గానికి కండెలు చుడుతూ చెప్పిన పాత సంగతులన్నీ నేను పక్కన కూర్చుని టైపు చేసుకున్నాను. సాయంత్రానికి ఒక ఫైలు. మాటలు తెలుగువే, అక్షరాలు మాత్రం తమిళం. తిరుత్తణి బడిలో నాకు నేర్పినవి అవే. పదకొండు ఫైళ్లయ్యాయి. పన్నెండో సాయంత్రానికి అవ్వ లేదు.

ఈ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, ఆ పదకొండింటినీ క్యాట్ అనే కమాండుతో ఒకే ఫైలుగా కలిపి అమ్మకు చదివి వినిపించాను. ఫైళ్లకు నేను ఉత్త అంకెలే పేర్లుగా పెట్టాను. కంప్యూటర్ వాటిని అంకెలుగా కాక అక్షరాలుగా చూసి, ఒకటి తరువాత పది, పదకొండు పెట్టి, ఆ తరువాతే రెండుకు వచ్చింది. నేను చూసుకోలేదు. "చెయ్యి నొప్పిగా ఉండాది, మిగిలింది రేపు చెప్తా పో" అన్న అవ్వ చివరి మాట ముందే వచ్చేసింది. దాని కిందే, రెండో ఫైల్లో, ఆమె తిరువాలంగాడు స్టేషన్లో నూలు మూట మరిచిపోయిన కథ ఎత్తుకుంది.

"తప్పుగా కలిసిందిమా, రవ్వంత ఉండు, సరిచేస్తా" అన్నాను.

అమ్మ చేతిలోని కండె కింద పెట్టింది. "వద్దుమే, అట్లే ఉండనీ. రేపు చెప్తా అనింది కదా, చెప్తా ఉండాది. సదువు."

చదివాను. ఇన్నేళ్లుగా తప్పులు వెతికి దిద్దడమే నా ఉద్యోగం. దీన్ని దిద్దడానికి ఒక్క నిమిషం చాలు. మీరైతే దిద్దుతారా?